ముక్కు సారు

పోయిన వారం మా బడికి ఒక పెద్దాయన మనవడి టీసీ కోసం వచ్చాడు. మెదక్ నుంచి వచ్చానన్నాడు. ఆ ఊరి పేరు వినగానే నేను ఒకరి పేరు చెప్పి, హైదరాబాదు మునిసిపాలిటీలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు, ఎరుగుదురా అని అడిగాను. పెద్దాయన ఆ పేరు పైకి అనుకుని చూశాడు.

"ఎవరు, ముక్కు సారా? పోయిండు గద. ఈస్టర్‌కు ముంగటనే పోయిండు. మీకు దెల్వదా?"

తెలియదన్నాను. హెడ్మాస్టరు సంతకం కావడానికి ఇంకా టైము పట్టేట్టుంది. పెద్దాయన బెంచీ మీద కూర్చుని, సమాధి ఎక్కడ తవ్వారో, పాస్టరుగారు ఎంతసేపు ప్రార్థన చేశారో చెప్పుకుంటూ పోయాడు. నేను వింటున్నాను గాని నా ఆలోచన ఆ పేరు దగ్గరే ఆగిపోయింది. అది అబిడ్స్‌లో హోటళ్ళవాళ్ళు పెట్టిన పేరు. ఆయనతో పాటు అది మెదక్ దాకా వెళ్ళిందని నాకు తెలియదు. ఆ పేరుకి అర్థం పోయిన తర్వాత కూడా ఆయన దాన్ని చాలా ఏళ్ళు మొయ్యవలసి వచ్చింది.

ఆయన జీవితచరిత్ర రాయడం నా వల్ల కాదు. ఎక్కడ చదువుకున్నారో, ఉద్యోగం ఎలా వచ్చిందో నాకు సరిగా తెలియదు. మా రెండు వాటాలకీ మధ్య ఒక గోడ ఉండేది. ఆ గోడకి ఇవతలి నుంచి తెలిసినంత రాస్తాను.

రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో నేను తెనాలి వైపు నుంచి టీచరుగా హైదరాబాదు వచ్చాను. నాంపల్లి స్టేషనుకి వెనక ఒక సందులో ఇల్లు కిరాయికి దొరికింది. పక్క వాటాలో ఉన్నవాళ్ళు క్రైస్తవులనీ, భార్యాభర్తలిద్దరేననీ, ఆయన మునిసిపాలిటీలో పనిచేస్తారనీ ఇంటివాళ్ళు ముందే చెప్పారు. మేం సామాను దించుకున్న మర్నాడు పొద్దున్నే ఆయన మా గుమ్మం బయట నిలబడి దగ్గారు. పొడుగ్గా, సన్నగా ఉన్నారు. తెల్ల చొక్కా, ఖాకీ పాంటు, చేతిలో గుడ్డసంచి. ముక్కు మాత్రం మామూలు ముక్కే. పెద్దదీ కాదు, కోటేరు వేసినట్టుండేదీ కాదు.

"సార్, ఏమనుకోకున్రి. ఊదుబత్తులు జర నేను డ్యూటీకి పోయినంక ముట్టిస్తరా?"

లోపలి నుంచి మా ఆవిడ ఆయనకి వినబడేట్టే అంది: "దేవుడి దగ్గర ఊదొత్తి వెలిగించుకోవడానికి కూడా మునిసిపాలిటీ పర్మిషన్ కావాలిటండీ?"

"దేవుని సంగతి కాదమ్మా, నా ముక్కు సంగతి," అన్నారు ఆయన. "నేను హోటళ్ళు, పాల దుకాన్లు చెక్ జేసేటోన్ని. పొద్దుగాల ఊదుబత్తి పట్టిందంటె పగటాల దాంక పాలు, నెయ్యి, నూనె అన్ని ఊదుబత్తి లెక్కనే కొడ్తయి."

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి ఆయన్ని ఎగాదిగా చూసింది. "సరే అన్నయ్యగారూ. మా దేవుణ్ణి మీరు వెళ్ళాకే నిద్రలేపుతాను లెండి."

ఆ తర్వాత కొన్నేళ్ళపాటు మా ఇంట్లో పూజ, ఆయన సైకిలు సందు మలుపు తిరిగాకే మొదలయ్యేది.

వాళ్ళింట్లో వాసన సబ్బు ఉండేది కాదు. తలకి ఉత్త కొబ్బరినూనె, అదీ ఆదివారం మాత్రమే. ఆయన భార్య మెదక్ దగ్గర పల్లెటూరి మనిషి, నవ్వితే చేత్తో నోరు మూసుకునేది. ఆవిడ మా ఆవిడతో అనేది: "పెండ్లైన కొత్తల నేను జర పౌడరేసుకున్ననక్కా. ఈయన గడప మీదికెంచె తుమ్ముడు షురు జేసిండు. గంతే, డబ్బ తీస్కపోయి మా ఆడిబిడ్డకిచ్చిన. నా మొఖం జూసి తుమ్మే మొగడెవనికి గావాలె చెప్పు!"

నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా ఆయన హద్దు. ఏ హోటలుకి వెళ్ళినా తిన్నగా లోపలికి వెళ్ళేవారు కాదు. గడప బయట సైకిలుకి స్టాండు వేసి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవారు. గల్లా దగ్గర కూర్చున్నాయన మాట ఆపేసేవాడు. కప్పులు కడిగేవాళ్ళు కడగడం ఆపేవాళ్ళు. ఒకసారి అబిడ్స్‌లో ఒక ఇరానీ హోటల్లో నేను చాయ్ తాగుతుండగా ఇది చూశాను. ఆయన నన్ను పలకరించలేదు. కళ్ళు తెరిచి నేరుగా వంటింట్లోకి నడిచి, అటక మీద నుంచి ఒక నూనె డబ్బా దింపించారు.

"అది వాడేది గాదు సాబ్," అన్నాడు హోటలాయన వెనకే పరిగెత్తి. "పారబోసేటందుకే పెట్టినం."

"పారబోసేది అటక మీదెందుకు సేట్? దేవునికి దగ్గరుంటదనా?"

టేబుళ్ళ దగ్గర నవ్వారు. హోటలాయన కూడా నవ్వాడు, డబ్బా మురుగు మోరీలో ఒంపించాడు, ఒక్క చాయ్ తాగి పొమ్మన్నాడు. "నా చాయ్ ఇంట్లున్నది," అని ఆయన వెళ్ళిపోయారు. ఆ మాట అబిడ్స్‌లో అందరికీ తెలుసు. తన హద్దులో ఆయన మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నాలుక పిడచకట్టుకుని ఇంటికి వచ్చి, చెంబెడు నీళ్ళు నిలబడే తాగేవారు.

అనుమానం వస్తే నమూనా తీసి, మూడు సీసాల్లో పోసి, లక్కతో సీలు వేసి పరీక్షకి పంపేవారు. కాని దేని మీద అనుమానపడాలో ఆయనకి చెప్పేది ఆ ముక్కే. కళ్ళెదుట చెడిపోయిన తిండి కనబడితే మాత్రం పరీక్షలూ అవీ లేవు. మోరీలో పారబోయించి, పైన సంచిలోంచి ఫినాయిలు తీసి పోసేవారు. అలా పొయ్యకపోతే ఆయన వెళ్ళాక ఎవరో ఒకరు ఎత్తుకుని తింటారు. నాంపల్లి స్టేషను చుట్టుపక్కల అలాంటి ఆకలి ఉండేది.

ఆదివారాలు చర్చి అయ్యాక అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరికి వచ్చేవారు. నేను ఎలాగూ అక్కడే ఉండేవాణ్ణి. ఆయన చదివేది బైబిలూ, పేపరూ. అయినా నేను ఎంచిన ప్రతి పుస్తకాన్నీ తీసుకుని, మధ్యకి తెరిచి, మొహం దగ్గర పెట్టుకుని చూసి ఇచ్చేవారు.

"ఇది తడిసి ఎండింది సార్. ఇంట్ల పెడ్తె మీ తక్కిన బుక్కులకు గూడ బూజు అంటిస్తది."

ఇంకోసారి ఒక నవల చేతిలో పెట్టి మెల్లిగా అన్నారు: "ఇది రోగం మనిషి తలాపున ఉన్నది సార్, శానా రోజులు. మందుల వాసన." నేను కొనుక్కున్నాను. ఇప్పటికీ ఆ పుస్తకం తీస్తే ఎవరో తెలియని ఆ మనిషి గుర్తుకొస్తారు. చదివి పూర్తిచేశారో లేదో అనుకుంటాను.

ఒక చలికాలం, నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ జరిగే రోజుల్లో, తిండి దుకాణాల దగ్గర డ్యూటీ పడి రోజూ మంచులో తిరిగారు. జ్వరం పట్టుకుంది. పడిశం, దగ్గు, మూసిన కన్ను తెరవలేదు. తేరుకోవడానికి చాలా రోజులే పట్టింది. అన్నీ తగ్గాయి. వాసన తెలియడం మాత్రం తిరిగి రాలేదు.

మాకు వెంటనే తెలియలేదు. ఒకరోజు పొద్దున్న డ్యూటీకి వెళ్తూ మా గుమ్మం దగ్గర ఆగి మా ఆవిడతో అన్నారు: "అమ్మా, ఇగ మీ ఊదుబత్తులు ఎప్పుడు ముట్టిచ్చుకున్నా ఫికర్ లేదు."

"ఏం అన్నయ్యగారూ, ప్రమోషనొచ్చిందా?" అంది మా ఆవిడ నవ్వుతూ.

ఆయన కూడా నవ్వి వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం నవ్వు ఆపేసి సందు వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది.

తర్వాత నీళ్ళ పంపు దగ్గర ఆయన భార్య మా ఆవిడతో చెప్పింది. పాలు అడుగంటాయట. మాడు వాసన గోడ దాటి మా ఇంట్లోకి కూడా వచ్చింది ఆ రోజు. వేరే పాలు లేక వాటితోనే చాయ్ పెట్టి, ఏమంటారో అని భయపడుతూ ఇచ్చిందట. ఆయన పేపరు చూస్తూ తాగి గ్లాసు కింద పెట్టారు.

"మంచిగున్నదన్నడక్కా," అందట ఆవిడ. "తిడితే బాగుండు."

మర్నాడు ఆవిడ కావాలనే పాలు మాడబెట్టింది. అవీ తాగారు.

ఆయన భయం ఏమిటో ఆ ఇంట్లోనూ మా ఇంట్లోనూ అందరికీ తెలుసు. ఆఫీసులో తెలిస్తే హద్దు తీసేసి కుర్చీలో కూర్చోబెడతారు. తిరిగే పని తప్ప ఆయనకి ఇంకో లోకం లేదు. ఆ భయం వెనక ఇంకొకటి ఉండేది. తెలియకుండా దాచుకుంటే, ఎప్పుడో ఒకప్పుడు తను మంచిదని వదిలేసిన తిండి తిని ఎవరైనా పోవచ్చు. ఆ రెంటి మధ్యా ఆయన రెండేళ్ళకి పైగా నడిచారు.

ఆ నడకలో కొంత నేనూ ఉన్నాను. ఒక సాయంత్రం నేను బడి నుంచి వస్తుంటే సందు మొదట్లో సైకిలు పట్టుకుని నిలబడ్డారు.

"సార్, పనేమన్న ఉన్నదా? లేకుంటే జర నాతోని నడుస్తరా?"

అబిడ్స్‌లో ఒక మిఠాయి దుకాణం ముందు ఆగాం. ఆయన కళ్ళు మూసుకుని నిలబడ్డారు, ఎప్పట్లాగే. దుకాణంవాళ్ళు బిగుసుకుపోయారు, ఎప్పట్లాగే. ఆయన కళ్ళు మూసుకునే, పెదాలు కదిలీ కదలనట్టు అడిగారు: "సార్, మీకేం కొడ్తున్నది?"

నాకు అర్థమైంది. కోవా పులిసినట్టుందన్నాను. ఆయన లోపలికి నడిచారు.

తిరిగి వస్తూ నేను, "ఇంట్లో చెప్పారా?" అన్నాను.

"చెప్పకున్నా తెల్సు. రెండు దినాలు మాడిన పాలు తాగిపించింది."

"మాడినవని మీకెలా తెలిసింది?"

"ఆమె మొఖం తెలుస్తది గద సార్."

ఆ తర్వాత వీలున్నప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. నన్ను కూడా ఆఫీసు మనిషే అనుకునేవారు జనం. ఎలా పీల్చాలో ఆయన నేర్పారు. నోరు మూసుకుని, చిన్నగా, ఆగి ఆగి. గట్టిగా పీలిస్తే ముక్కు మొద్దుబారుతుందట. నేను మంచి శిష్యుణ్ణి కాలేకపోయాను. బాగా చెడిపోయింది తెలిసేది, బాగున్నది తెలిసేది. మధ్యలోదే తెలిసేది కాదు. ఆయన పని అంతా ఆ మధ్యలోనే. "అనుమానంగా ఉందండీ," అనేవాణ్ణి. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, పారబోయమనేవారు.

అలా ఆయన కఠినంగా మారారు. ఇదివరకు తప్పు చేసినవాణ్ణి పట్టుకునేవారు. ఇప్పుడు అనుమానం ఉన్న ప్రతిదీ మోరీలోకి పోయేది. దుకాణాలవాళ్ళ మొహాల్లో భయం పోయి కోపం కనబడసాగింది. ఒక పాలాయన ఆయన ఎదుటే అన్నాడు: "ముక్కు సారు ఇంతకు ముందు ఇన్సాఫ్ మనిషుండె, నాయం జూసేటోడు. ఇప్పుడేమైందో ఏమో." ఆ మాట విన్న రోజు ఆయన ఇంటిదాకా సైకిలు ఎక్కకుండా నడిపించుకునే వచ్చారు.

ఆ తర్వాతి వేసవి సెలవుల్లో జరిగిందే నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది.

నాంపల్లి స్టేషను బయట ఒకామె జొన్నరొట్టెలూ బోటి కూరా అమ్మేది. హమాలీలు, రిక్షావాళ్ళు మధ్యాహ్నం అక్కడే తినేవాళ్ళు. ముందురోజు ఒక హమాలీకి వాంతులు పట్టుకున్నాయి. ఆమె కూర తిన్నాడని ఎవరో ఆఫీసుకి చెప్పారు. ఆయన బయల్దేరుతూ నన్ను పిలిచారు. మేం వెళ్ళేసరికి ఆమె అప్పుడే గంప దించి, ఇటుకల మీద గిన్నె పెట్టింది. చుట్టూ జనం ఉన్నారు. ఆయన్ని చూసి, రొట్టె కోసం చాపిన చేతులు వెనక్కి తీసుకున్నారు కొందరు.

విషయం చెప్పగానే ఆమె లేచి నిలబడింది.

"నా కూర తిని కక్కిండా? వాడు పొద్దుగూకినంక ఏం తాగిండో అడుగున్రి ముందుగాల! ఓ సారూ, కోడి కూయకముందు లేచి కడిగిన బోటి ఇది. సున్నం బెట్టి కడిగిన. నా చేతులు జూడు ఎట్ల పొక్కినయో."

"అమ్మా, కోపం జేయకు. చూస్తే తెలుస్తది."

"చూడు! నేనద్దన్ననా?" ఆమె గిన్నె మీద మూత ఎత్తేసింది. "నువ్వే జూడు. గీ బజారు బజారంత నీ ముక్కు మీదనే నమ్మకం. నీకు చెడ్డగ కొడితే నా చేత్తోని నేనే మోరీల బోస్త. ఇయాల్టి గింజలు, రేపటి బోటి అన్ని గీ గిన్నెలనే ఉన్నయి సారూ. నేను అబద్ధమాడ."

"పోసెయ్ సాబ్," అన్నాడు ఒక హమాలీ వేళాకోళంగా. "ఉప్పు తక్కువేస్తది, బుద్ధొస్తది."

"పోస్తే నువ్వేం బుక్కుతవురా, పట్టాలా?" అంది ఆమె. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆయన సంచిలోంచి ఫినాయిలు సీసా తీశారు. అలవాటుగా మూత తిప్పారు. అప్పుడు గిన్నె మీదికి వంగారు. బోటి కూరకి తనదైన ఒక వాసన ఉంటుంది. తెలియనివాడికి మంచిదైనా చెడ్డదిలాగే తోస్తుంది. నేను ఆయన పక్కనే ఉన్నాను. చింతపండు, వెల్లుల్లి, మిరపకారం. వాటి వెనక పేగుల వాసన, శుభ్రంగా కడిగిన పేగుల వాసన. ఆ ఒక్కసారి నాకు ఏ అనుమానమూ లేదు. ఆయన తలెత్తి నా వైపు చూశారు. బాగుంది అన్నట్టు నేను కొంచెంగా తల ఊపాను.

ఆయన చూశారు. నాకు బాగా తెలుసు, చూశారు. అయినా మళ్ళీ గిన్నె మీదికి వంగారు. చాలాసేపు అలాగే ఉన్నారు. ఆమె రెండు చేతులూ చీరకొంగులో ముడుచుకుని ఆయన మొహాన్నే చూస్తూ ఉంది. చివరికి ఆయన నిటారుగా నిలబడి ఫినాయిలు సీసాకి మూత బిగించారు.

"అమ్మా, నాకు వాసన దెల్వది," అన్నారు.

"ఏంది సారూ, పరాచికాలా?"

"కాదు, నిజమే చెప్తున్న. ముక్కు సచ్చిపోయింది. రెండేండ్లాయె. నీ కూర మంచిదో కాదో నేను చెప్పలేను."

పక్కన చాయ్ బండి అతను, సోడాల అతను, అందరూ ఆయన హద్దులోవాళ్ళే, వింటున్నారు. సాయంత్రానికి ఈ మాట అబిడ్స్ దాటుతుందని ఆయనకి తెలుసు. ఆమె ఒక్కతే ఆ మాటకి జాలిపడింది. "అయ్యో," అంది, దగ్గర చుట్టంతో అన్నట్టు. "మరి అన్నమెట్ల తింటున్నవయ్యా?"

ఆయన అక్కడున్న రాయి మీద కూర్చున్నారు. "ఒక రొట్టె పెట్టు," అన్నారు. "నేను తింట. నాకేమన్నయితే రేపు వీళ్ళందరికి తెలుస్తది."

తన హద్దులో ఆయన తినడం ఎవరూ ఎరగరు. ఆమె విస్తరాకు తుడిచి, రొట్టె పెట్టి, గిన్నె అడుగు నుంచి మెత్తటి ముక్కలు ఏరి వేసింది. ఆయన తింటుంటే ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఉప్పు సరిపోయిందా సారూ?"

"సరిపోయింది. ఉప్పు తెలుస్తది. కారం తెలుస్తది. ఇంకేం తెల్వది."

డబ్బులిచ్చి, చెయ్యి కడుక్కుని లేచారు. మర్నాడు ఆయనకి ఏమీ కాలేదు. ఆమె కూరకీ ఏ లోపమూ లేదు.

ఇంటికి వస్తూ నేను అడిగాను: "నేను తల ఊపాను కదండీ. అంతమందిలో ఎందుకు చెప్పారు?"

"మీరు ఊపిన్రు సార్. రేపు మీకు పడిశం పడితే?" అన్నారు. కొంతదూరం వచ్చాక మళ్ళీ ఆయనే అన్నారు: "గా ఫినాయిల్ మూత తీసిన సార్. ముక్కు కిందనే ఉన్నది. అది గూడ రాలె నాకు. ఫినాయిల్ దెల్వనోడు ఒకల కూరల ఫినాయిల్ పోయొచ్చునా?"

మర్నాడు తనే వెళ్ళి ఆఫీసరుకి చెప్పారు. ఆఫీసరు మంచివాడే. చట్టంలో ముక్కు లేదయ్యా, నమూనా తియ్యి, సీలు వెయ్యి, పరీక్షకి పంపు, ఎవరడిగారు నిన్ను, అన్నాడట. ఈయన వినలేదు. జనన మరణాల కౌంటరుకి మార్చమని అడిగి మార్పించుకున్నారు. అంతవరకూ ఏ కుర్చీకి భయపడ్డారో అందులోనే వెళ్ళి కూర్చున్నారు.

నేను ఒకటి రెండుసార్లు ఆ కౌంటరుకి వెళ్ళాను. మనుషులు వచ్చి చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెప్తారు. ఆయన పేరు రాసుకుని, తిరిగి చదివి వినిపించి, "గిదే గద?" అని అడిగేవారు. ఏడుస్తున్నవాళ్ళని తొందరపెట్టేవారు కాదు. వెనక లైన్లో ఎవరైనా గొణిగితే అటు చూసేవారు, అంతే. ఆదివారం పుస్తకాల దగ్గరికి రావడం మానలేదు. నేను తీసిన పుస్తకాన్ని తీసుకుని మొహం దగ్గరికి తెచ్చుకునేవారు. సగంలో గుర్తొచ్చి అట్ట మీది పేరు చదివి ఇచ్చేవారు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక వానాకాలం ఆయన భార్యకి కడుపులో నొప్పి వచ్చింది. దవాఖానకి తీసుకెళ్ళారు. నాలుగు రోజుల్లో వచ్చేస్తానక్కా, వచ్చాక మళ్ళీ గోడ మీద తులసికి నీళ్ళు నేనే పోస్తా అని మా ఆవిడతో చెప్పి రిక్షా ఎక్కింది. మేం ఊరు వెళ్ళినప్పుడల్లా మా తులసికి నీళ్ళు పోసేది ఆవిడే. తిరిగి రాలేదు. ఆవిడ పేరు ఆ కౌంటరులో ఆయనే రాశారో, పక్కవాళ్ళ చేత రాయించారో నేను అడగలేదు.

రిటైరయ్యాక, వాటా ఖాళీ చేసి మెదక్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యారు. సామాను ముందురోజే పంపేశారు. వెళ్ళే రోజు మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేశారు. చేశాక కూడా కదలకుండా కూర్చున్నారు. పక్కన ఒక సంచి పెట్టుకున్నారు. మా ఆవిడ విస్తళ్ళు తీసి వచ్చాక, సంచిలోంచి ఒక చీర తీశారు. ఆకుపచ్చ నేతచీర. ఆవిడ ఇంట్లో కట్టుకునేది.

"దవాఖానకు పోయిన్నాడు ఇడిసిన చీర," అన్నారు. "ఎవర్నీ ఉతకనియ్యలె. అట్లనే మడిచి పెట్టెల పెట్టిన."

చీరని మా ఆవిడ ముందుకు చాపారు.

"అమ్మా, నువ్వొకసారి జూడు. ఆమె వాసన ఇంక ఉన్నదా? నాకైతే ఎట్లా దెల్వది. ఉన్నదని తెలిస్తె చాలు."

మా ఆవిడ చేతులు పమిటకి తుడుచుకుని చీర అందుకుంది. మొహానికి ఆనించుకుంది. చాలాసేపు తియ్యలేదు. తీసేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఉంది అన్నయ్యగారూ," అంది. "ఎందుకుండదూ."

"ఎట్లున్నది?"

ఆవిడ తల వంచుకుని చీర అంచు సవరించింది. ఆయన ఆవిడ మొహం చూశారు. చీర తీసుకుని నా చేతికిచ్చారు. ఇంకొకరి భార్య చీరని మొహం దగ్గర పెట్టుకోవడానికి నాకు సంకోచంగా ఉంది. ఆయన అది గమనించి, "ఏం గాదు సార్. జూడున్రి," అన్నారు. "నిజం చెప్పున్రి."

నేను చూశాను. ముక్కులు అదిరిపోయేంత ఘాటు. మడతలు విప్పి లోపలి వైపు కూడా చూశాను. కొంగు దగ్గర, కుచ్చిళ్ళ దగ్గర వెతికాను. అంతా అదే. ఆయనకి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

"కలరా ఉండల వాసనండీ," అన్నాను. "ఇంకేమీ తెలియడం లేదు."

ఆయన తల ఊపారు.

"ఔ. డాంబర్ గోలీలు. నేనే ఏసిన సార్. పురుగు కొడ్తదని. ఎప్పటికప్పుడు కొత్తయి ఏసిన."

బయట రిక్షావాడు గంట కొట్టాడు. ఆయన వినలేదు. మా ఆవిడ ముందుకు వచ్చి, "గాలికి ఆరేస్తే ఆ ఘాటు పోతుంది అన్నయ్యగారూ," అంది. "నీడపట్టున దండెం మీద వేస్తాను. ఒక్క పూట ఉండి వెళ్ళండి."

"పోతది గదమ్మా," అన్నారు ఆయన. "దాని ఎంబడి ఆమెది గూడ పోతది."

నా చేతిలోంచి చీర తీసుకుని ఒళ్ళో పరుచుకున్నారు. పాత మడతల వెంటే మళ్ళీ మడిచి సంచిలో పెట్టుకున్నారు. మా ఆవిడ టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు.